గండికోట, బేలం దారుల్లో శరత్కాలపు సైకిల్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు నుంచి కడప దాకా గండికోట మీదుగా సైకిలు మీద వెళ్లాలనుకునేవారు ఏటా వినాయక చవితి దాటగానే నన్ను అడగడం మొదలుపెడతారు. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: రోజుకు ఎన్ని కిలోమీటర్లు? నా దృష్టిలో అది చివరన అడగవలసిన ప్రశ్న. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, నీడ ఎక్కడ ఉంది, ముళ్లు ఎక్కడ ఉన్నాయి అన్న మూడు సంగతులు తేలితే కిలోమీటర్లు వాటంతట అవే కుదురుకుంటాయి. అందుకే ఈ జవాబుల్లో వాటికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఇది నిజంగా ఎడారి ప్రాంతమేనా?

కాదు. పడమటి కనుమల వెనుక వాననీడలో పడిన మెట్ట సీమ ఇది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు చూసినవారికి ఎడారి అన్న మాట నోట రావడం సహజమే. కానీ కర్నూలు, కడపల మధ్య మీరు తొక్కే నేల వేరు. ఎర్రమల కొండలు, వాటి కింద నాపరాతి బండలు, బండల నడుమ నల్లరేగడి చేలు, ఆ చేల మధ్య హఠాత్తుగా నేల చీలి కనిపించే పెన్నా లోయ. ఎడారి అనుకుని వస్తే వానకు సిద్ధపడరు. వానకు సిద్ధపడకుండా ఇక్కడ శరత్కాలంలో తిరగకూడదు.

ఏ రోజుల్లో బయలుదేరాలి?

శరదృతువు అంటే ఆశ్వయుజ, కార్తిక మాసాలు. ఆశ్వయుజంలో కొండలు పచ్చగా ఉంటాయి, చెరువుల్లో నీళ్లుంటాయి, వేరుశనగ తీతలు సాగుతుంటాయి. కానీ మధ్యాహ్నపు ఎండ ఇంకా తీవ్రంగానే ఉంటుంది, ఉక్క కూడా ఉంటుంది. అక్టోబరు మూడో వారం తరువాత ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే కడప జిల్లా రెండు మూడు రోజులు తడిసి ముద్దవుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు మునిగింది ఈ కాలంలోనే. ఆ దుఃఖం ఇక్కడివారు మరచిపోలేదు, ప్రయాణికులూ మరచిపోకూడదు.

నేను ఎంచుకునేది కార్తిక పౌర్ణమి తరువాతి పది రోజులు. ఉదయాలు చల్లబడతాయి, చేలల్లో శనగ మొలకెత్తి ఉంటుంది, గాలి తేటగా ఉంటుంది. అయిదు రోజుల యాత్రకు ఏడు రోజుల సెలవు పెట్టుకోండి. ఆ అదనపు రెండు రోజులు వానకు. వాన రాకపోతే గండికోటకు.

దారి ఎలా వేసుకోవాలి?

మొదటి రోజు కర్నూలు నుంచి ఓర్వకల్లు, బేతంచెర్ల మీదుగా బనగానపల్లె. సుమారు 75 నుంచి 80 కిలోమీటర్లు, యాత్ర మొత్తంలో పెద్ద రోజులలో ఇది ఒకటి. ఓర్వకల్లు రాతివనం దగ్గర ఒక గంట ఆగి కాళ్లకు విశ్రాంతి ఇవ్వండి. రెండో రోజు బరువులన్నీ బనగానపల్లెలోనే వదిలి, ఖాళీ సైకిలు మీద 14 కిలోమీటర్ల దూరంలోని యాగంటికి వెళ్లి రండి. మూడో రోజు అవుకు, కొలిమిగుండ్ల మీదుగా బేలం గుహలు, 40 కిలోమీటర్ల ప్రాంతం. నాలుగో రోజు బేలం నుంచి జమ్మలమడుగు మీదుగా గండికోట, సుమారు 60. వాన అడ్డురాకపోతే, ఆ అదనపు రోజుల్లో ఒక పగలు పూర్తిగా గండికోటలో. ఆ తరువాత ముద్దనూరు మీదుగా కడప, సుమారు 80.

వారం కంటే ఎక్కువ సమయం ఉన్నవారు బేలం నుంచి తాడిపత్రికి మళ్లవచ్చు. దూరం 30 కిలోమీటర్లు. పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాల మీది శిల్పం చూడడానికి ఆ మళ్లింపు తప్పక చేయదగినది. కడప చేరాక ఓపిక మిగిలితే వేంపల్లె దగ్గరి గండికి వెళ్లండి. పాలకొండలను చీల్చుకుని పాపాఘ్ని బయటపడే చోటు అది. కొండను నది కోసిన చోటుకు మనవాళ్లు పెట్టుకున్న పేరు గండి. గండికోట పేరు కూడా ఆ మాటతోనే ఏర్పడింది.

ఒక హెచ్చరిక. గండికోటకు ఎగువన కొండాపురం వైపు 26.85 టీఎంసీల సామర్థ్యంతో జలాశయం కట్టారు. దాని కింద ఊళ్లతో పాటు వాటి దారులు కూడా మునిగాయి. పాత మ్యాపులో కనిపించే అడ్డదారులను నమ్ముకుని ఆ వైపు వెళ్లకండి, జమ్మలమడుగు నుంచి వచ్చే దారినే పట్టుకోండి. నీళ్ల అంచున ఆగినప్పుడు, ఆ నీటి అడుగున కొందరి ఇళ్లూ వాకిళ్లూ ఉన్నాయని ఒక్క నిమిషం తలచుకోండి.

కర్నూలు నుంచి కడపకా, కడప నుంచి కర్నూలుకా?

గాలిని బట్టి నిర్ణయించుకోండి. సెప్టెంబరు దాకా గాలి పడమటి నుంచి బలంగా వీస్తుంది. తాడిపత్రి వైపు గుట్టల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. అక్టోబరు గడిచాక గాలి మళ్లి ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి నవంబరులో ఉత్తరం నుంచి దక్షిణానికి దిగడం సుఖం. నేల వాలు కూడా అటే: కర్నూలు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంటే, కడప 140 మీటర్ల లోపే. మధ్యలో కొండలెక్కి దిగడాలు ఉన్నాయి కాబట్టి మొత్తం దిగుడే అనుకోకండి.

ఎలాంటి సైకిలు కావాలి?

కొత్తది కొనవలసిన పనిలేదు. మీ దగ్గర ఉన్న సైకిలుకు 35 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు పడితే చాలు. సన్న టైర్ల రేసు సైకిలు వద్దు. గేర్లు లేని పాత సైకిలు మీద కూడా ఈ దారి తొక్కవచ్చు, గండికోట ఎక్కుడులో కాస్త దిగి నడవాలి, అంతే.

నిజానికి పాత తరహా సైకిలుకు ఒక పెద్ద లాభం ఉంది. దాని ట్యూబు, చైను, బ్రేకు కట్టెలు, వాల్‌ట్యూబు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. గేర్ల సైకిలుకు కావలసిన సన్న వాల్వు ట్యూబు కర్నూలు దాటితే దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. అలాంటి సైకిలు మీద వచ్చేవారు కనీసం నాలుగు ట్యూబులు, రెండు స్పోకులు, ఒక చైను లంకె, గేరు తీగ వెంట తెచ్చుకోవాలి.

పంక్చర్లు ఎక్కువ అవుతాయా?

అవుతాయి. అన్నిటికంటే ఎక్కువ అవస్థ పెట్టేది సర్కారు తుమ్మ కాదు, పల్లేరు. తుమ్మ ముల్లు పొడుగ్గా ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. పల్లేరు నేలను పట్టుకుని పాకుతుంది, చిన్న పసుపు పువ్వులు పూస్తుంది, శనగాకు లాంటి ఆకు. వానలకు మొలిచిన తీగ ఈ కాలానికి ఎండి, కాయలు విడిపోయి దారి పక్కన మట్టిలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఆ ముక్క ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. లారీకి దారి ఇవ్వడానికి తారు దిగి పక్క మట్టిలోకి వెళ్లారా, మీ టైరు నిండా అవే.

మూడేళ్ల కిందట అవుకు దాటాక నాకు అదే జరిగింది. వేపచెట్టు కింద కూర్చుని వెనుక టైరు నుంచి పదకొండు ముళ్లు తీశాను. ట్యూబు మార్చి బయలుదేరాను, రెండు కిలోమీటర్లు వెళ్లకముందే మళ్లీ గాలి దిగింది. నెట్టుకుంటూ దగ్గరి ఊళ్లో సైకిలు షాపుకు చేరితే, అక్కడి పెద్దాయన టైరు విప్పి చేత్తో తడమలేదు. డబ్బాలోంచి చిటికెడు దూది తీసి, ఉండ చేసి, టైరు లోపలి వైపు చుట్టూ నెమ్మదిగా రాసుకుంటూ వెళ్లాడు. ఒకచోట దూది పోగులు పట్టుకుని నిలిచాయి. అక్కడ టైరు పొరలో వెంట్రుకంత ముల్లు మొన విరిగి ఉంది. నా వేలికి తగలనిది దూదికి తగిలింది. "ముల్లు తీయకుండా ట్యూబు మారిస్తే మళ్లీ నా దగ్గరికే వస్తావు నాయనా" అన్నాడు. ఇంకో రెండు చోట్ల దూది నిలిచింది. ఆనాటి నుంచి నా సంచిలో దూది లేకుండా నేను బయలుదేరలేదు.

మీరూ పెట్టుకోండి. టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే పట్టీ వేయించుకోండి. రోడ్డు దిగినప్పుడల్లా ఆగి, చక్రం తిప్పుతూ చేతి తొడుగుతో టైరును తుడవండి. గుచ్చుకున్న కాయ లోపలికి దిగేలోగా తీసేస్తే ట్యూబు బతుకుతుంది. రాత్రి బసలో సైకిలును చేను గట్టు మీద కాకుండా బండల మీద నిలపండి.

నీళ్ల సంగతి ఏమిటి?

ఎండలో తొక్కే ప్రతి గంటకూ ముప్పావు లీటరు నుంచి లీటరు లెక్క వేసుకోండి. సైకిలు మీద ఎప్పుడూ మూడు లీటర్లకు తగ్గకూడదు. దాదాపు ప్రతి పెద్ద ఊళ్లోనూ ఇరవై లీటర్ల క్యాన్లు నింపే నీటి ప్లాంటు ఉంటుంది, సీసాలు అక్కడ నింపుకోండి. అనంతపురం జిల్లా బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు. నాలుగు రోజులు తాగినంత మాత్రాన ఎముకలకు ముప్పు రాదు. అయినా దొరికినచోట శుద్ధి చేసిన నీళ్లే తాగండి.

ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పడిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మరసం, లేదా మందుల షాపుల్లో దొరికే ఓఆర్ఎస్ పొట్లాలు రోజుకు రెండుసార్లయినా తీసుకోండి. ఉదయం అయిదున్నరకు బయలుదేరి పదకొండుకు ఆగిపోయేటట్లు రోజును దిద్దుకోండి. పొద్దున తొక్కుడు, మధ్యాహ్నం నీడ. నవంబరు మధ్యలో సాయంత్రం అయిదూ నలభైకల్లా పొద్దు గుంకుతుందని గుర్తుంచుకోండి.

తిండి?

ఈ యాత్రలో ఎవరూ ఆకలితో ఉండరు. పొద్దున ఉగ్గాని బజ్జీ. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, పసుపు, పుట్నాల పొడి, పక్కన వేడి మిరపకాయ బజ్జీ. కడుపు బరువెక్కకుండా శక్తినిచ్చే ఇలాంటి పలహారం సైకిలు తొక్కేవారికి మరొకటి లేదు. బజ్జీ ఒకటితో ఆపండి, మిగిలిన దారిలో దాహం వేధిస్తుంది. మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి దొరికితే వదలకండి. కడప జిల్లాలో అడుగుపెట్టాక కారం దోశ. సంచిలో వేయించిన వేరుశనగలు, బెల్లం ఉంటే ఊరూ ఊరూ మధ్య సరిపోతాయి. శనగ చేలల్లో, వేరుశనగ కుప్పల దగ్గర రైతు పిలిచి పెడితే తినండి, పిలవకుండా చేయి పెట్టకండి. ఒక్క వానతో ఏడాది కష్టం పోయే నేల ఇది.

రాత్రి ఎక్కడ ఉండాలి?

బనగానపల్లె, జమ్మలమడుగు, తాడిపత్రిలో లాడ్జీలున్నాయి. యాగంటిలో సత్రాలున్నాయి, కార్తిక సోమవారాలు తప్పించండి, ఆ రోజుల్లో భక్తులకే చోటు చాలదు. గండికోటలో పర్యాటక శాఖ హరిత హోటలు ఉంది, గుడారాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. శని, ఆదివారాలకు ముందే మాట్లాడుకోవాలి. బేలంలో బస కుదరకపోతే కొలిమిగుండ్లలో అడగండి, లేదా తాడిపత్రికి వెళ్లిపోండి. అడవి భూముల్లో గుడారం వేయడం, మంట పెట్టడం రెండూ వద్దు. ఎండిన బోద గడ్డికి నిప్పురవ్వ చాలు.

మధ్యలో వాన పడితే?

తారు రోడ్డు వదలకండి. కోవెలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి మట్టి తడిసిందంటే బంక. పది గజాలు పోయేసరికి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు, సైకిలును ఎత్తుకుని నడవాలి. ఆరబెట్టి గోకడం తప్ప దారి లేదు. వంక పొంగి కల్వర్టు మీదుగా నీళ్లు పారుతుంటే, మోకాలి లోతే కదా అని దిగకండి. ఎగువన వాన ఆగినా వంక కాసేపు పెరుగుతూనే ఉంటుంది. ఇవతలి గట్టున గంటసేపో, పూటసేపో కూర్చోండి. అందుకే ఆ రెండు అదనపు రోజులు.

గండికోటలో ఒక పగలంతా ఎందుకు?

సాయంత్రం వచ్చి, లోయ అంచున ఫోటో తీసుకుని, తెల్లవారి వెళ్లిపోయేవారిని చూస్తే నాకు బాధ వేస్తుంది. ఆ చోటును గంటలో చూడలేరు.

అందరూ దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తారు. ఆ లోయ లోతు 1,600 మీటర్లకు పైగా, ఇది సుమారు 300 అడుగులు. లోతులో పోటీ లేదు. కానీ ఆ లోయ అంచున కాలి కింద ఉండే సున్నపురాయి వయసు సుమారు 27 కోట్ల ఏళ్లు. గండికోటలో మీరు కూర్చునే ఎర్రటి రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలా సముదాయానికి కడప పేరే పెట్టుకున్నారు. తెల్లవారుజామున ఆ రాతిని దగ్గరగా చూడండి. గోడ కట్టినట్లు పలకల మీద పలకలు, ప్రతి పలక మధ్యా వేలు దూరేంత సందు, ఆ సందులో గడ్డి. ఎండ పడిన వైపు ఇటుక రంగు, నీడ వైపు ఊదా. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న ఈ గట్టి రాతిని కోసుకుంటూ వచ్చిందంటే, నీటి ఓపిక ఎంతటిదో అక్కడ కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

కోట విషయానికి వస్తే, పెమ్మసాని నాయకులు తరతరాలు ఏలిన కోట ఇది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు, ఆ తరువాత రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చాడు. మాధవరాయ స్వామి గుడి గోపురం, రంగనాథ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, కోనేరు, అన్నీ నడిచి చూడగల దూరంలోనే. కోట లోపల ఇప్పటికీ ఊరుంది, జనం ఉన్నారు. వారి ముంగిళ్ల ముందు సైకిలు దిగి నడవండి.

లోయ అంచున కంచె లేదు. రాళ్లు కొన్ని కదులుతాయి, మంచు తడికి జారుతాయి. సైకిలు చెప్పులకు అడుగున ఇనుప బిళ్ల ఉంటే వాటిని విప్పి మామూలు చెప్పులతో వెళ్లండి. చీకటి పడ్డాక అంచుకు వెళ్లవద్దు. కింద నీళ్లలో ఈతకు దిగవద్దు, మైలవరం జలాశయం నీరు వెనక్కి నిలిచే చోటు అది, లోతు అంచనా అందదు.

బేలం గుహల్లోకి తొక్కిన వెంటనే వెళ్లవచ్చా?

ఒక అరగంట ఆగి వెళ్లండి. గుహల్లో గాలి తక్కువ, ఉక్క ఎక్కువ, చెమట ఆరదు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు చూడనిస్తారు. అడుగున ఉన్న పాతాళగంగ 46 మీటర్ల లోతున ఉంది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు, 1982 నుంచి జర్మన్ పరిశోధకుడు డేనియల్ గెబాయర్ బృందం కొలిచి పటం గీసింది, 2002లో జనానికి తెరిచారు. మీరు పొద్దంతా తొక్కివచ్చిన ఆ చదును నేల కిందే, సున్నపురాతిని నీరు కరిగించి ఇంత చేసింది. సైకిలును టికెట్ల గది దగ్గర కాపలా ఉన్నవారికి చెప్పి తాళం వేయండి.

లారీల బెడద ఎంత?

కొలిమిగుండ్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కర్మాగారాలు, నాపరాళ్ల గనులు ఉన్నాయి. బండల లారీలు పగలంతా తిరుగుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, వెనుక ఎర్ర దీపం పగలు కూడా వెలిగించండి, చెవుల్లో పాటలు వద్దు. బండలు పాలిష్ చేసే చోట్ల రోడ్డు పక్కన పారబోసిన తెల్లని రాతి బురద తడిగా ఉంటే సబ్బులా జారుతుంది. అక్కడ బ్రేకు గట్టిగా నొక్కకండి.

ఒంటరిగా, లేదా ఆడవాళ్లు మాత్రమే వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, వెళుతున్నారు. ఇద్దరో ముగ్గురో ఉంటే పంక్చరు నాడు కూడా నవ్వుకోవచ్చు. ఇద్దరు అక్కచెల్లెళ్లు ఈ దారి తొక్కి వచ్చి నాతో చెప్పిన మాట: ఊళ్లలో అందరూ "ఎందుకమ్మా ఈ కష్టం" అని అడిగారట, అడిగినవారే మజ్జిగ ఇచ్చారట. పొద్దు గుంకేలోపు బస చేరండి, ఆనాటి దారిని ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. కొండల మధ్య ఫోనుకు సిగ్నలు పోతుంది, కాబట్టి మ్యాపును ముందే ఫోనులో దించుకోండి. ప్రమాదమైతే 108, ఆపద అనిపిస్తే 112.

పాములు, కుక్కలు?

కోతల కాలం కాబట్టి చేలల్లో రక్తపింజర, నాగుపాము తిరుగుతాయి. గట్టు మీద కూర్చునే ముందు చూడండి, చీకట్లో దీపం లేకుండా నడవకండి. కాటు వేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం ఏదీ వద్దు. కదలకుండా ఉంచి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. గొర్రెల మందల కుక్కలు తరిమితే సైకిలు దిగి, దాన్ని మధ్యలో ఉంచుకుని నడవండి. కాపరి పిలవగానే అవి వెనక్కి తగ్గుతాయి.

తిరుగు ప్రయాణంలో సైకిలును రైల్లో ఎలా పంపాలి?

కడప స్టేషనులో పార్సిలు కార్యాలయానికి రైలుకు రెండు గంటల ముందే వెళ్లండి. మీ టికెట్టు చూపి సైకిలును లగేజీగా బుక్ చేస్తే బ్రేకు పెట్టెలో అదే రైలుకు వేస్తారు. ముద్దనూరు, జమ్మలమడుగు లాంటి చిన్న స్టేషన్లలో రైలు నిమిషమో రెండు నిమిషాలో ఆగుతుంది, అక్కడ ఎక్కించడం కుదరదని అనుకోండి. పెడళ్లు విప్పి లోపలి వైపు బిగించండి, హ్యాండిలును అడ్డంగా తిప్పి కట్టండి, గేరు వైపు అట్ట చుట్టండి. మీ పేరు, ఫోను నంబరు, దిగే స్టేషను పేరు అట్ట మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెద్ద అక్షరాలతో రాసి రెండు చోట్ల కట్టండి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది.